జాన్ మెకార్తీ

యంత్రానికి మరపు నేర్పిన మేధావి జాన్ మెకార్తీ. 1927లో బోస్టను నగరంలో జన్మించారు. 1958లో ప్రమేయాల ఆధారంగా నడిచే లిస్ప్ కంప్యూటరు భాషను రూపొందించారు. పని తీరిన సమాచారంతో మెమరీ నిండిపోయేది. ప్రోగ్రాము చేరగలిగిన అంశాలకు గుర్తుపెట్టి, గుర్తులేనివాటి స్థలాన్ని తిరిగి స్వాధీనపరచుకొనే చెత్త సేకరణ పద్ధతిని ఆయన 1960లో ప్రకటించారు.

తరువాతివారు బలహీన సూచికలను చేర్చారు. అవి అంశాన్ని చూపుతాయే గాని, పట్టి ఉంచవు. ఇతర ఆధారమేదీ లేనప్పుడు ఆ అంశం తొలగిపోతుంది.

స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఆయన వద్ద 1966లో డాక్టరేటు పొందిన రాజ్ రెడ్డి నాటి మన చిత్తూరు జిల్లాలోని కాటూరులో జన్మించినవారు. గురువుకు 1971లో, శిష్యునికి 1994లో ట్యూరింగు పురస్కారం లభించింది. మెకార్తీ 2011లో పరమపదించారు.

పల్లె నుండి ఆ గురువు చెంతకు దారి ఉన్నదన్న సత్యాన్ని మాత్రం మన విద్యార్థులు మరువరాదని మేము కోరుతున్నాము.