సి భాషాకర్త డెన్నిస్ రిచీ

మన ఊళ్లలో నేడు సెల్ ఫోను లేని ఇల్లు అరుదు. బ్యాంకులో గాని, రైల్వే స్టేషనులో గాని, ఆసుపత్రిలో గాని, మన దోణిమలై ఇనుప గని కార్యాలయములో గాని కంప్యూటరు లేక పని సాగదు. ఈ యంత్రములను వాడువారు కోట్లకొలదిగా నున్నారు. వీని లోపలి పునాదిని వేసినవారి పేర్లు తెలిసినవారు మాత్రము కొద్దిమందియే. అట్లు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు డెన్నిస్ రిచీ. ఆయన 2011వ సంవత్సరమున కీర్తిశేషుడయ్యెను. ఈ పత్రికను చదువు చిన్న తరగతుల విద్యార్థులు అప్పటికి పుట్టియుండలేదు. ఆయన లోకమునకు చేసిన మేలు అపారము. ఆయన కట్టిన కట్టడములో ఒక చిన్న సందు మిగిలిపోవుటయు, దానివలన అనర్థములు కలుగుటయు, దానిని పూడ్చుటకు ఆయనయు ఆయన తరువాతివారును పాటుపడుటయు గూడ ఈ కథలోని భాగములే. ఈ రెండును తెలిసిననే ఆ జీవితము మనకు పూర్తిగా అర్థమగును.

బాల్యము, విద్య

డెన్నిస్ రిచీ 1941వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అమెరికా దేశములోని న్యూయార్కు రాష్ట్రమున, బ్రాంక్స్‌విల్ అను ఊరిలో జన్మించెను. తండ్రి ఆలిస్టెర్ రిచీ బెల్ లాబ్స్ అను సుప్రసిద్ధ పరిశోధనాలయములో శాస్త్రజ్ఞుడు. టెలిఫోను స్విచ్చుల వలయములను గూర్చి గ్రంథమును రచించినవారిలో నొకడు. బాలుడు న్యూజెర్సీ రాష్ట్రములోని సమ్మిట్ పట్టణమున పెరిగెను. పిదప హార్వర్డు విశ్వవిద్యాలయమున జేరి 1963లో భౌతికశాస్త్రమున పట్టము పొందెను. అచ్చటనే అనువర్తిత గణితమున పరిశోధన సాగించి 1968లో సిద్ధాంతవ్యాసమును పూర్తిచేసెను. కాని బైండు చేయించిన ప్రతిని గ్రంథాలయమునకు సమర్పింపకుండుటచే డాక్టరు పట్టము ఆయనకు రానేలేదు. ఆ వ్యాసపు ప్రతి యొకటి 2020లో గాని లోకమునకు వెల్లడి కాలేదు. పట్టము లేకున్నను పని ఆగలేదు. 1967లోనే ఆయన తండ్రి పనిచేసిన బెల్ లాబ్స్‌లో ఉద్యోగమున చేరియుండెను.

యూనిక్సు అవతరణము

ఆ కాలమున కంప్యూటరు ఒక గది నిండుగా నుండు యంత్రము. ఒకే యంత్రమును అనేకులు ఏకకాలమున వాడుకొనుటకు వీలుగా మల్టిక్సు అను మహావ్యవస్థను ఎం.ఐ.టి., జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, బెల్ లాబ్స్ కలిసి నిర్మింప బూనిరి. ఆ పని అంతకంతకు పెరిగి బరువెక్కెను. 1969లో బెల్ లాబ్స్ దాని నుండి తప్పుకొనెను. అప్పుడు రిచీ సహచరుడైన కెన్ థాంప్సన్, ఎవరును అంతగా వాడని పి.డి.పి.-7 అను చిన్న యంత్రమును సంపాదించి దానిపై ఒక చిన్న వ్యవస్థను వ్రాయ మొదలిడెను. రిచీ ఆయనకు కుడిభుజమయ్యెను. ఆ వ్యవస్థయే యూనిక్సు. 1970లో వారికి పి.డి.పి.-11 అను కొత్త యంత్రము లభించెను. దాని మెమరీ 24 కిలోబైట్లు మాత్రమే. నేటి సామాన్యమైన ఫోనునకు 4 గిగాబైట్ల మెమరీ కలదనుకొన్నను అది ఆనాటి యంత్రపు మెమరీకి లక్షా డెబ్బదివేల రెట్లకు మించును.

ఇచ్చట విద్యార్థులు ఒక సంగతిని చక్కగా గ్రహింపవలెను. యూనిక్సు వంటి వ్యవస్థకు ఆపరేటింగు సిస్టము అని పేరు. దాని హృదయభాగము కెర్నెలు. డిస్కు, తెర, కీబోర్డు, మెమరీ ఇవన్నియు కెర్నెలు అధీనమున నుండును. సామాన్య ప్రోగ్రాము వీనిని స్వయముగా ముట్టరాదు. తాలూకా కచేరిలో రైతు రికార్డు గదిలోనికి తానే చొరబడి పహణీలు తీసికొనరాదు గదా! కిటికీ వద్ద దరఖాస్తు ఇయ్యవలెను. గుమాస్తా లోపలికి పోయి తెచ్చి యిచ్చును. అట్లే ప్రోగ్రాము కెర్నెలునకు చేసికొను దరఖాస్తునకు సిస్టము కాల్ అని పేరు. ఫైలు తెరువుము, చదువుము, వ్రాయుము, మూయుము అను కొద్ది పిలుపులతోనే సమస్త కార్యములును నెరవేరునట్లు థాంప్సన్, రిచీ ఏర్పాటు చేసిరి. నేటికిని మన ఫోనులలో ఆ పిలుపులే పనిచేయుచున్నవి.

ఈ కిటికీ వద్ద కావలి యుంచుటలోను రిచీ ప్రతిభ చూపెను. ఒక సామాన్యుడు తన రహస్యసంకేతమును మార్చుకొనవలెనన్న, అందరి సంకేతములును ఉన్న ఫైలును దిద్దవలసి వచ్చును. ఆ ఫైలును అందరికిని అప్పగించిన ప్రమాదము. కావున మనిషికి గాక, ఆ ఒక్క పని చేయు ప్రోగ్రామునకు మాత్రమే అధికారమునిచ్చు పద్ధతిని రిచీ కనిపెట్టెను. దీనికై 1973లో దరఖాస్తు చేయగా 1979లో పేటెంటు లభించెను.

సి భాష

వ్యవస్థను యంత్రము యొక్క సంకేతములలో వ్రాయుట మిక్కిలి కష్టము. యంత్రము మారిన మరల మొదటి నుండి వ్రాయవలెను. కేంబ్రిడ్జికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ నిర్మించిన బి.సి.పి.ఎల్. అను భాషను ఆధారము చేసికొని థాంప్సన్ బి అను చిన్న భాషను సృష్టించెను. దానికి రిచీ 1971 నుండి మార్పులు చేసి, అక్షరము, పూర్ణాంకము మొదలగు రకములను చేర్చి, 1972 నాటికి సి అను భాషగా తీర్చిదిద్దెను. 1973లో యూనిక్సు కెర్నెలు సి భాషలో తిరిగి వ్రాయబడెను. దానితో యూనిక్సు ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు ప్రయాణము చేయగలిగెను. 1978లో బ్రయన్ కెర్నిగన్‌తో కలిసి రిచీ వ్రాసిన సి భాషా గ్రంథము చిన్నదియు, తేటయైనదియు నగుటచే దేశదేశముల విద్యార్థులకు పాఠ్యగ్రంథమయ్యెను. 1983లో థాంప్సన్, రిచీలకు కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగు పురస్కారము లభించెను.

మిగిలిన సందు

కంప్యూటరు మెమరీని వరుస గదులు గల గోదాముగా భావింపుడు. ప్రతి గదికిని ఒక సంఖ్య కలదు. సి భాషలో పాయింటరు అనునది ఒక గది సంఖ్య మాత్రమే. అచ్చటి నుండి ఎన్ని గదులు మనవి అను సమాచారము దానిలో లేదు. ఒక మిరప రైతు 5వ సంఖ్య మొదలుకొని 10 గదులు అద్దెకు తీసికొని, గదికొక బస్తా చొప్పున 12 బస్తాలు దింపుడని పొరపాటున హమాలీలకు చెప్పెననుకొందము. వారు చెప్పినట్లే చేయుదురు. చివరి రెండు బస్తాలును పొరుగువాని గదులలో పడును. అచ్చటి సరుకు చెడును.

చదువుము అను సిస్టము కాల్ అచ్చముగా ఇట్టిదే. ఏ ఫైలు, ఏ గది నుండి నింపవలెను, ఎన్ని బైట్లు అను మూడు సంగతులను ప్రోగ్రాము కెర్నెలునకు చెప్పును. ఆ చోటు ఆ ప్రోగ్రాముదేనా అని మాత్రమే కెర్నెలు చూడగలదు. గదుల సంఖ్యయు బైట్ల సంఖ్యయు సరిపోయినవో లేదో దానికి తెలియదు. లెక్క తప్పినచో ప్రోగ్రాము తన సామగ్రిని తానే చెరుపుకొనును. దుర్మార్గుడు ఈ సందున తన ఆజ్ఞలను దూర్చి యంత్రమునే వశము చేసికొనగలడు.

రిచీ దీనిని అజాగ్రత్తచే విడువలేదు. 24 కిలోబైట్ల యంత్రమున ప్రతి అడుగునందును హద్దులు చూచుటకు తావు లేదు. వాడువారు ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది నిపుణులు. లోకమంతయు ఆ భాషపై ఆధారపడునని అప్పుడెవరును తలపలేదు.

1988వ సంవత్సరము నవంబరు 2వ తేదీన ఆ సందు బయటపడెను. రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి విడిచిన ప్రోగ్రాము ఇంటర్నెట్టులో వ్యాపించి వేలకొలది యంత్రములను స్తంభింపజేసెను. అది ప్రవేశించిన దారులలో నొకటి ఇది: ఒక సేవా ప్రోగ్రాము 512 బైట్ల చోటు మాత్రమే కేటాయించియుండగా, దానికి 536 బైట్లు పంపబడెను. హద్దు అడుగని ఒక సి ఫంక్షను వానినన్నిటిని లోనికి తీసికొనెను. ఆ విద్యార్థి తండ్రి బెల్ లాబ్స్‌లో రిచీతో బాటు యూనిక్సుపై పనిచేసినవాడగుట గమనింపదగినది. కట్టినవారి ఇంటి నుండియే పరీక్ష వచ్చెను. ఆ ఫంక్షను 2011లో వెలువడిన సి ప్రమాణము నుండి తొలగింపబడెను.

దిద్దుబాటు యత్నములు

రిచీ తన సృష్టిని గూర్చి మొండిపట్టు పట్టినవాడు కాడు. 1990లో ఆయన ఒక వ్యాసము ప్రకటించి, పాయింటరు తనతో బాటు హద్దును గూడ మోసికొనిపోవు విధానమును సూచించెను. ప్రమాణసంఘము దానిని స్వీకరింపక 1999 ప్రమాణమున వేరొక మార్గమును అవలంబించెను. అప్పటికే ప్రపంచమున వ్రాయబడిన సి ప్రోగ్రాములు అసంఖ్యాకములు; కర్త తలచుకొన్నను భాషను వెనుకకు తిప్పుట సాధ్యము కాలేదు.

అంతట ఆయన వర్గము కొత్త దారి పట్టెను. 1990 దశకము ద్వితీయార్ధమున వారు ఇన్ఫర్నో అను ఆపరేటింగు సిస్టమును, దానికై లింబో అను భాషను వెలువరించిరి. లింబోలో పట్టికకు దాని పొడవు ఎల్లప్పుడును తోడుగా నుండును. హద్దు దాటిన ప్రోగ్రాము అచ్చటనే ఆగును. వాడుక తీరిన మెమరీ తానంతట తిరిగి చేరును. ఆ భాషకు వివరణపత్రమును రిచీయే వ్రాసెను. కాని ఇన్ఫర్నో విస్తారముగా ప్రచారము పొందలేదు. పాత సొంతబిడ్డ సి యొక్క కీర్తియే దానికి అడ్డమయ్యెననవచ్చును.

తరువాతివారి కృషి

ఆయన తలపెట్టిన పని ఆయన తరువాత ఊపందుకొనెను. తన భద్రతాదోషములలో సుమారు 70 శాతము మెమరీ దోషములేనని మైక్రోసాఫ్టు కంపెనీ 2019లో వెల్లడించెను. 2015లో మొదటి స్థిరరూపము పొందిన రస్ట్ అను భాషలో గది సంఖ్యయు గదుల లెక్కయు విడదీయరాని జంటగా నుండును. తెరచిన ఫైలునకు ఒక యజమాని యుండును. యజమాని పని ముగియగానే అది ఒక్కసారి మాత్రమే మూయబడును.

అయినను కెర్నెలు ముట్టు చివరి అడుగున పచ్చి పిలుపు తప్పదు. దానికి ఆ భాషలో వేరుగా కంచె వేయుదురు. మన గనిలో పేలుడు పని జరుగు తీరును జ్ఞాపకము చేసికొనుడు. పేలుడు సామగ్రిని అందరును ముట్టరాదు. అర్హతాపత్రము గలవాడు, నిర్ణీతస్థలమున, సైరను మ్రోగించి, జనమును తొలగించిన పిదపనే ఆ పని చేయును. కంచెకు వెలుపల పనివారు నిశ్చింతగా నుందురు. అట్లే ప్రమాదకరమైన నాలుగు పంక్తులను ఒకచోట బంధించి, బాగుగా పరీక్షించి, వానిపై సురక్షితమైన ద్వారమును నిర్మింతురు. తక్కిన ప్రోగ్రాములన్నియు ఆ ద్వారమునే వాడును. 2022 డిసెంబరులో వెలువడిన లినక్సు కెర్నెలులో రస్ట్‌కు తావు దొరకెను. ఆండ్రాయిడ్‌లో కొత్త భాగములను ఇట్టి భాషలలో వ్రాయుటచే, భద్రతాదోషములలో మెమరీ దోషముల పాలు 2019లో 76 శాతముండినది 2024 నాటికి 24 శాతమునకు తగ్గెను.

పాతదంతయు ఒక్కసారి పడగొట్టి కట్టవచ్చును గదా యని అడుగవచ్చును. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి మన తుంగభద్ర ఆనకట్ట 19వ తలుపు గొలుసు తెగి తలుపు కొట్టుకొనిపోయెను. ఎవరును ఆనకట్టను పడగొట్టలేదు. ప్రవాహము సాగుచుండగనే నిపుణులైన కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యమున తాత్కాలికముగా ఇనుప పలకలు దించి నీటిని ఆపిరి. పిదప 33 తలుపులను మార్చవలెనని నిపుణసంఘము సలహా యిచ్చెను. కంప్యూటరు వ్యవస్థలోను అట్లే తలుపు వెంట తలుపు మార్చుచుండవలెను. మార్చకున్న ఏమగునో అదే సంవత్సరము జూలై 19న తెలియవచ్చెను. ఒక రక్షణ సాఫ్టువేరు 20 అంశములున్న పట్టికలో 21వ దానిని చదువబోగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నిలిచిపోయెను. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన పాసులు ఇచ్చిరి.

అంత్యదినములు

రిచీ మితభాషి, నిరాడంబరుడు, అవివాహితుడు. 1999లో అమెరికా అధ్యక్షుని చేతులమీదుగా జాతీయ సాంకేతిక పతకమును, 2011లో జపాను పురస్కారమును థాంప్సన్‌తో కలిసి అందుకొనెను. 2007లో ఉద్యోగవిరమణ చేసెను. 2011 అక్టోబరు 12న బర్క్‌లీ హైట్స్‌లోని తన గృహమున ఒంటరిగా మృతుడై కనబడెను. వారము ముందు ఆపిల్ కంపెనీ స్థాపకుడు స్టీవ్ జాబ్స్ మరణింపగా లోకమంతయు మారుమ్రోగెను. ఆ ఆపిల్ ఫోనునకే మూలాధారమైన యూనిక్సును నిర్మించిన రిచీ మరణము పెక్కురకు తెలియనే లేదు.

విద్యార్థులారా! పెద్దలు కట్టిన ఇంటిలో మనము నివసించుచున్నాము. సందు కనబడినప్పుడు కట్టినవారిని దూషించుట సులభము. కట్టడము గొప్పదని సందును దాచుటయు సులభము. ఈ రెండును ఋణము తీర్చుకొను మార్గములు కావు. ఆ సందును పూడ్చుటకు చేయి చాచినవారిలో రిచీయు నొకడు. తెలుగున చదువుకొన్న పిల్లలకు ఈ విద్య అందదేమోయని శంకించు తలిదండ్రులు, పైన చెప్పిన గోదాము లెక్కను తమ బిడ్డలచే ఒకసారి చెప్పించుకొని వినవలెను. హద్దెరిగి లెక్కించుట ఏ భాషలో నేర్చినను ఒక్కటే. అది పట్టుబడిన బిడ్డకు సి భాషయు, దాని తరువాతి భాషలును దూరము కావు.