బ్రూస్ మెక్‌లారెన్: అల్పాయుష్షు, అనల్పమైన కృషి

మోటారు పందేల చరిత్రలో విజేతలు అనేకులు. స్వయంగా పందెం నెగ్గి, తమ పేరిట ఒక జట్టును నిర్మించి, తమ అనంతరం కూడా అది చెక్కుచెదరకుండా నిలిచేటట్లు చేసినవారు మాత్రం బహు కొద్దిమంది. న్యూజిలాండ్ దేశస్థుడైన బ్రూస్ మెక్‌లారెన్ ఆ కొద్దిమందిలో అగ్రగణ్యుడు. అతడు జీవించినది కేవలం ముప్పది రెండు సంవత్సరాలు.

1937 ఆగస్టు 30న ఆక్లండ్ నగరంలో అతడు జన్మించాడు. తండ్రికి అక్కడ పెట్రోలు బంకు, దానికి చేరి కార్ల మరమ్మతు షెడ్డు ఉండేవి. తొమ్మిదవ ఏట బాలుని తుంటికి పెర్థీస్ అనే వ్యాధి వచ్చింది. తుంటి ఎముకకు రక్తప్రసారం తగ్గి, ఎముక క్షీణించే జబ్బు ఇది. ఆటపాటల వయస్సులో ఆ బాలుడు చికిత్సాలయంలో చాలాకాలం చక్రాల పడకపై కదలక మెదలక పడి ఉండవలసి వచ్చింది. వ్యాధి నయమైనా ఎడమకాలు పొట్టిదైపోయింది. ఆ కుంటు జీవితాంతం అతనిని విడువలేదు.

పరుగెత్తలేని బాలునికి యంత్రమే కాలయింది. తండ్రి కొనితెచ్చిన పాత ఆస్టిన్ సెవెన్ కారును తండ్రీకొడుకులు కలిసి బాగుచేసుకున్నారు. పదిహేనేళ్ల ప్రాయంలో బ్రూస్ దానితోనే కొండదారి పోటీలో ప్రవేశించాడు. ప్రతిభగల యువ చోదకుని ఐరోపాకు పంపడానికై ఆ దేశపు గ్రాండ్ ప్రి సంఘం ఏర్పరచిన సహాయం 1958లో మొట్టమొదట అతనికే లభించింది.

ఇంగ్లండులో అతడు కూపర్ జట్టులో చేరాడు. ఇంజనును చోదకుని వెనుక అమర్చి, ఆ సంస్థ రేసు కారు స్వరూపాన్నే మార్చివేస్తున్న రోజులవి. 1959 డిసెంబరు 12న అమెరికాలోని సెబ్రింగ్‌లో చివరి చుట్టు జరుగుతుండగా, ముందున్న సహచరుడు జాక్ బ్రాబమ్ కారులో పెట్రోలు అయిపోయింది. మెక్‌లారెన్ గెలిచాడు. అప్పటికి అతని వయస్సు 22 సంవత్సరాల 104 రోజులు. అంత పిన్న వయస్సులో గ్రాండ్ ప్రి గెలిచినవాడు 2003 వరకు మరొకడు లేడు.

అంతటితో తృప్తి చెందక, 1963లో అతడు సొంత జట్టును స్థాపించాడు. మరుసటి ఏడే సహచరుడు టిమ్మీ మేయర్ టాస్మేనియాలో పందెపు కారు ప్రమాదంలో మరణించాడు. ఆ దుఃఖంలోనూ టిమ్మీ సోదరుడు టెడ్డీ మేయర్ బ్రూస్ ప్రక్కనే నిలిచాడు. యజమాని అయినా బ్రూస్ పనిముట్టు వదలలేదు. కారు రూపకల్పనలో పాలుపంచుకోవడం, పరీక్షించడం, పందెంలో నడపడం అన్నీ అతని పనులే. 1966లో క్రిస్ ఏమన్‌తో కలిసి ఫోర్డ్ కారులో లె మాన్ ఇరవైనాలుగు గంటల పందెం నెగ్గాడు. 1968లో బెల్జియంలో తన పేరుగల కారుకు తొలి ఫార్ములా వన్ విజయం తానే సంపాదించాడు. 1969లో ఉత్తర అమెరికా కాన్-ఆమ్ పందేలు పదకొండింటినీ అతడు, స్వదేశీయుడు డెనీ హల్మ్ పంచుకున్నారు.

1970 జూన్ 2న ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో కొత్త కారును పరీక్షిస్తుండగా, వెనుకభాగపు పైకప్పు ఊడిపోయింది. కారు అదుపు తప్పింది. మెక్‌లారెన్ అక్కడే అసువులు బాసాడు.

నాయకుడు లేని జట్టు చెదరిపోవడం లోకసహజం. కాని పన్నెండు రోజులకే కెనడాలోని మాస్‌పోర్ట్‌లో ఆ కార్లు బరిలో నిలిచాయి. అమెరికన్ చోదకుడు డాన్ గర్నీ గెలిచాడు. అంతకుముందు నెలలో చేతులు కాలిన హల్మ్, ఆ గాయాలు మానకముందే మూడవ స్థానం పొంది, ఆ సంవత్సరం విజేతగా నిలిచాడు. టెడ్డీ మేయర్ నాయకత్వంలో 1974లో ఆ జట్టు ప్రపంచ విజేత అయింది. 2024లోనూ ప్రపంచ నిర్మాతల బహుమానం ఆ పేరుకే దక్కింది.

బహుమతులు గెలిచేవానిని లోకం కొంతకాలం స్మరిస్తుంది. తాను లేనినాడు కూడా పని ఆగకుండా తోటివారిని తీర్చిదిద్దినవానిని ఆ పనియే స్మరింపజేస్తుంది. కుంటికాలితో బయలుదేరిన ఆ ఆక్లండ్ బాలుని జీవితం నుండి విద్యార్థులూ, విద్యాసంస్థలను నడిపే పెద్దలూ గ్రహించవలసిన సత్యం ఇదే.