చీనా భాషాచార్యులు జేమ్సు లెగ్‌గారు

లండను మిషను అను పేరు మన అనంతపుర మండలమున వినని వారరుదు. బళ్ళారి, కడప, గుత్తి, అనంతపురములలో బడులు నెలకొల్పిన యా సంఘమే చీనా దేశమునకును బోధకులను పంపెను. హ్యాండ్సుగారు 1810లో బళ్ళారికి వచ్చిరి. అంతకు మూడేండ్లకు ముందే మారిసన్‌గారు చీనాలోని కాంటను రేవున దిగియుండిరి. ఆ చీనా శాఖలోనివారైన జేమ్సు లెగ్‌గారి చరిత్రమును మన విద్యార్థులకు తెలుపవలెనని నాకు చాలకాలముగా కోరిక.

లెగ్‌గారు 1815 డిసెంబరు 20వ తేదీన స్కాట్లండులోని హంట్లీ యను చిన్న పట్టణమున జన్మించిరి. ఆ ప్రాంతమువారే యగు మిల్నుగారు మలక్కాలో బోధకులై యుండి, తాము చీనా భాషలో అచ్చువేయించిన చిన్న పుస్తకములను లెగ్‌గారి యింటికి పంపుచుండిరి. బాలుడైన జేమ్సు ఒక్క యక్షరమైనను తెలియకయే వానిని త్రిప్పి త్రిప్పి చూచుచుండెడివాడట. అబర్డీను కళాశాలలో లాటిను భాషయందు వీరు మిక్కిలి పేరు పొందిరి. రాజ్యాంగీకృత సంఘమున చేరినచో లాటిను ఆచార్య పదవికి దారి సుగమమని పెద్దలు సూచించిరి. ఉద్యోగమునకై తండ్రి సంఘమును విడుచుటకు వీరి మనస్సొప్పలేదు.

1840లో మలక్కా చేరి, అచటి ఆంగ్లో-చీనా కళాశాలకు అధ్యక్షులై, 1843లో దానితోకూడ హాంగ్‌కాంగునకు తరలివచ్చిరి. అచట దాదాపు ముప్పది సంవత్సరములు గడచెను. ఒక జాతివారికి బోధింపబూనినవాడు ఆ జాతి మనస్సును తీర్చిదిద్దిన గ్రంథములను ముందుగా చదువవలెనని వీరి నిశ్చయము. తెల్లవారుటకు ఎంతో ముందే లేచి, సంఘపు పనులు మొదలగులోపల కన్‌ఫ్యూషియసు, మెన్షియసు మున్నగువారి గ్రంథములను ఆంగ్లమునకు మార్చుచుండిరి. 1861 మొదలు 1872 వరకు అయిదు సంపుటములు వెలువడెను. పుటకు పైభాగమున చీనా మూలము, దానిక్రింద అనువాదము, అడుగున చిన్న యక్షరములలో వ్యాఖ్య. వ్యాఖ్యయే పుటలో అధికభాగమును ఆక్రమించుట కలదు. ముద్రణ వ్యయమును జోసెఫ్ జార్డిను అను వర్తకుడు భరించెను.

ఇంత పని ఒక్కరి చేతిమీదుగా జరుగలేదు. 1862లో చీనా ప్రభుత్వపు ఆగ్రహమునకు గురియై హాంగ్‌కాంగునకు పారివచ్చిన వాంగ్ టావ్ అను పండితుడు పూర్వవ్యాఖ్యానములను సమకూర్చి యిచ్చుచుండెను. లెగ్‌గారు స్కాట్లండునకు పోయినపుడు అతడును అచటికి వెళ్ళి పని సాగించెను. మన కడపలో బ్రౌనుదొరగారు పండితులను చేరదీసి వేమన పద్యములను పరిష్కరించిన విధము మనకు తెలిసినదే గదా!

1873లో స్వదేశమునకు మరలుచు లెగ్‌గారు పెకింగు నగరమున ఆకాశ దేవళమును దర్శించిరి. ఆ వేదికపై పాదరక్షలు విడిచి, తోడివారితో చేతులు కలిపి దేవునికి స్తుతికీర్తన పాడిరి. పాదరక్షలు విడుచుట మనకు వింత గాదు. కాని తోటి బోధకులు కొందరు మిక్కిలి కోపించిరి. చీనావారు పూర్వమునుండి షాంగ్-టీ అని పిలిచినది సత్యదేవునినే యని లెగ్‌గారి యభిప్రాయము. 1877లో షాంగైలో జరిగిన బోధకుల మహాసభకు వీరు పంపిన వ్యాసమును ఆ సభ తన నివేదికలో అచ్చువేయ నిరాకరించెను. తనవారి నింద అన్నిటికంటె బరువైనది. వీరు దానిని మోసిరేగాని మాట మార్చుకొనలేదు.

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఇతర సంఘములవారికి అడ్డుగానుండిన మతనిబంధనలు 1871లో తొలగెను. చీనాతో వ్యాపారము చేయు వర్తకులు చందాలు కూర్చి నెలకొల్పిన చీనాభాషా పీఠమున 1876లో లెగ్‌గారు ప్రథమాచార్యులైరి. యౌవనమున మనస్సాక్షికై వదలుకొన్న ఆచార్యత్వము అరువదియవ యేట, సంఘము మారకయే, వేరొక రూపమున లభించెను. కరవు సంవత్సరములలో కుటుంబములు కూలికై వలసపోగా మన తరగతులలో బల్లలు ఖాళీయగుట మన మెరుగుదుము. లెగ్‌గారి గదిలో ఏ కరవును లేకయే బల్లలు ఖాళీ. శిష్యులు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమందియే. అయినను పాఠములు మానలేదు. మ్యాక్సుముల్లరుగారి ప్రాచ్యధర్మగ్రంథమాలకు చీనా గ్రంథముల ననువదించి యిచ్చిరి. మన దేశమునకు వచ్చిన ఫాహియాను యాత్రాచరిత్రమును 1886లో ఆంగ్లమున ప్రకటించిరి.

నాకు అన్నిటికంటె ప్రియమైన సంగతి మరియొకటి. 1861 నాటి మొదటి సంపుటమున లెగ్‌గారు కన్‌ఫ్యూషియసును మహాపురుషుడుగా నంగీకరింపజాలనని తీర్పు చెప్పియుండిరి. ఆ గ్రంథమునే 1893లో మరల ముద్రించునపుడు, డెబ్బదియేడేండ్ల వయస్సున, ఆ వాక్యమును తొలగించి, చదివినకొలది ఆయనయందు తమకు గౌరవము పెరిగినదని వ్రాసిరి. ఉపాధ్యాయుడు నల్లబల్లమీది తప్పును శిష్యులయెదుట తుడుచుటకే యెంతో సంకోచించును. ఇది లోకమంతయు చదివిన పుస్తకము.

1897 నవంబరు 29వ తేదీన, ఆచార్య పదవియందుండగనే, ఆక్స్‌ఫర్డున లెగ్‌గారు పరమపదించిరి. వారి దేహము అచటి ఉల్వర్‌కోటు శ్మశానమున నున్నది. వారి అనువాదములు నేటికిని ముద్రింపబడుచున్నవి.