మూసీ ఒడ్డున తోటలు కోరిన ఇంజినీరు



మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు అనగానే మీకు ఆనకట్టలు గుర్తొస్తాయి. నేను చెప్పేది ఆయన కోరిన తోటల సంగతి.

పూర్వీకులది మోక్షగుండం. ఆయన పుట్టింది 1861లో, కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో. చిన్నప్పుడే తండ్రి పోయారు. బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ చదివి, పుణెలో ఇంజినీరింగ్ పూర్తి చేశారు.

1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది చనిపోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. వరదను ఆపడానికి ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నారు. అవే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అయ్యాయి. అంతటితో ఊరుకోలేదు. ఊరికి మురుగు కాలువలు కావాలన్నారు, నది ఒడ్డున జనం తిరగడానికి తోటలూ వేయమన్నారు. వరద పని మీద వచ్చిన మనిషికి తోటలెందుకు అనిపిస్తుంది కదా! అప్పట్లో పట్నాలకు కలరా, ప్లేగు భయం. ఇప్పుడు మన ఇళ్లలో షుగర్, బీపీ. వీటికి మురుగు కాలువలు ఒక్కటే చాలవు, రోజూ నడవడానికి చోటు కావాలి.

ఆయన రోజూ నడిచేవారు, మితంగా తినేవారు. వందేళ్లు నిండాక 1962లో కన్నుమూశారు. నడక వల్లే అన్నేళ్లు బతికారని నేననను.

మన రామగిరిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద పిల్లల్ని నడవమనలేం. సెంటినరీ కాలనీలో గ్రౌండ్ ఉంది, చెట్లున్నాయి. సాయంత్రం ఆరింటికి మన పిల్లలు మాత్రం ట్యూషన్లో ఉంటారు. అందులో నా హోంవర్క్ వాటా కూడా ఉంది. ఈ నెల నుంచి నా క్లాసుకు శనివారం హోంవర్క్ లేదు. ఆ సాయంత్రం పిల్లలతో మీరూ గ్రౌండ్‌కు రండి, నేనూ వస్తాను.