వనసంరక్షకుడు బ్రాండిసు

డీట్రిష్ బ్రాండిసు 1824వ సంవత్సరమున జర్మనీ దేశమందలి బాన్ నగరమున జన్మించెను. తండ్రి తత్త్వశాస్త్ర పండితుడు. బాల్యమున కొంతకాలము తండ్రితో గ్రీసు దేశమున నివసించి, పిదప కోపెన్‌హాగెన్, గోటింజెన్, బాన్ నగరములలో విద్య నభ్యసించి, 1849లో బాన్ విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రోపన్యాసకుడయ్యెను.

ఆ కాలమున ఓడల నిర్మాణమునకు బర్మా టేకు మిక్కిలి విలువగలది. 1852లో పెగూ ప్రాంతము ఆంగ్లేయుల వశమయ్యెను. వర్తకులు అచటి యడవులను విచ్చలవిడిగా నరకుచుండిరి. వానిని కాపాడుటకై గవర్నరు జనరలగు డల్హౌసీ ప్రభువు 1856లో బ్రాండిసును పర్యవేక్షకునిగా నియమించెను.

బ్రాండిసు మొదట చెట్లను లెక్కింప మొదలిడెను. దట్టమైన యడవులలో తిరుగుచు, టేకుచెట్లను లావునుబట్టి తరగతులుగా విభజించి, వెదురు పుల్లలపై గంట్లు పెట్టుచు లెక్క గుర్తించుకొనెను. మన్యపు జ్వరమునకు వెరవలేదు. ఆరడుగుల చుట్టుకొలతగల చెట్లనే నరుకవలెననియు, చిన్నచెట్లు ఆ లావునకు ఎదుగు కాలమునుబట్టి ఏటేటి నరకుడు మితముగా నుండవలెననియు నిర్ణయించెను. రంగూను వర్తకులు తీవ్రముగా నెదిరించిరి. అయినను అతడు చలింపలేదు.

కాని నరకుట తగ్గించినంత మాత్రమున అడవి నిలువదు. పోయిన చెట్టుకు బదులు క్రొత్త మొక్క మొలవవలెను గదా! టేకు ఎండను కోరు వృక్షము. వెదురుపొదల చిక్కని నీడలో దాని మొలకలు ఎదుగజాలవు. కొన్ని జాతుల వెదుళ్లు పెక్కేండ్ల కొకమారు ఒక్కుమ్మడిగా పూచి చనిపోవును. అప్పుడు నేలపై వెలుతురు పడి టేకు మొలకలకు అదను కలుగును. వెదుళ్ల జీవితమును గూర్చి బ్రాండిసు 1899లో ఒక రచన ప్రకటించెను. కరెన్ జాతివారు పోడుకొట్టి పైరువేయు కొండపొలములలో టేకు విత్తించు పద్ధతిని అతడు ప్రోత్సహించెను. దానికి టాంగ్యా యని పేరు. ఒకటి రెండేండ్లలో పైరు ముగియును. ఎండ తగిలిన టేకుమొక్కలు పెరిగి వనమగును.

అట్లని వెలుతురు ఎంత హెచ్చిన నంత మేలని తలపరాదు. సతతహరితారణ్యములలో ఆకుల కప్పును దాటి నేలకు చేరు వెలుతురు తరచుగా నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. అచట నీడకు ఓర్చు కొలది మొక్కలే బ్రదుకును. మహావృక్షమొకటి కూలినచో, ఆ సందున ఎండ ప్రవేశించి, నేలలో నిద్రించు విత్తులు మేల్కొనును. అడవినంతను ఒక్కసారి నరికినచో, గడ్డి యెత్తుగా పెరిగి, వేసవిలో కార్చిచ్చు రగిలి, మొలకలు మాడిపోవును. కొంత నీడ, కొంత వెలుతురు గల వనముననే పలుజాతుల మొక్కలకు తావు దొరకును. ఈ రెంటిని తూచి యిచ్చుటయే వనపాలకుని నేర్పు.

1864లో బ్రాండిసు భారతదేశ ప్రథమ అరణ్యాధిపతి యయ్యెను. 1878లో డెహ్రాడూనున అటవీ పాఠశాల నెలకొల్పబడుటకు అతడే మూలపురుషుడు. గ్రామస్థులు తమ యవసరములకు వాడుకొను గ్రామవనములు ప్రత్యేకముగా నుండవలెనని అతని యభిమతము. కాని 1878 నాటి చట్టము ప్రభుత్వాధికారమునకే పెద్దపీట వేసెను. గ్రామవనములు పెక్కుచోట్ల కాగితములపైననే నిలిచిపోయెను. 1881లో అతడు మద్రాసు రాజధానికి వచ్చి, 1882 నాటి మద్రాసు అటవీ చట్టమునకు తోడ్పడెను. నాడు ఆ రాజధానిలోనున్న కోస్తా, రాయలసీమ యడవులకును ఆ చట్టమే వర్తించెను.

1883లో ఉద్యోగము విరమించియు బ్రాండిసు విశ్రమింపలేదు. తన్నాశ్రయించిన యువకులకు వనవిద్య గరపుచు, 82 ఏండ్ల వయస్సున, 1906లో, భారతదేశ వృక్షములను వర్ణించు బృహద్గ్రంథమును వెలువరించెను. మరుసటి యేడు బాన్ నగరముననే కన్నుమూసెను. తాను నాటించిన టేకు వనములు పరిపక్వమగుట చూచు భాగ్యము అతనికి లేదు. తరువాతి తరములకొరకే అతడు శ్రమించెను.