కళ్ళు ఆనని పిల్లవాడు అధ్యక్షుడయ్యాడు

పిల్లలు ఆడుకునే ఎలుగుబంటి బొమ్మను టెడ్డీ అంటారు. ఆ పేరు ఒక అమెరికా అధ్యక్షునిది. 1902లో మిసిసిపీ రాష్ట్రానికి వేటకు వెళ్ళినప్పుడు, చెట్టుకు కట్టేసిన ఎలుగుబంటిని కాల్చడానికి ఆయన నిరాకరించారు. ఆ సంగతి పత్రికలో కార్టూనుగా వచ్చింది. ఆ తర్వాత ఆటబొమ్మగా ఇంటింటికీ చేరింది. ఆయనే థియోడర్ రూజ్‌వెల్ట్. 1901 నుంచి 1909 వరకు అధ్యక్షుడిగా పనిచేశారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలం నాటి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వేరు, ఈయన వేరు.

వేటగాడిగా, సైనికుడిగా, పక్షుల శాస్త్రం తెలిసినవాడిగా పేరుపొందిన ఈయనకు పదమూడో ఏడు వచ్చేదాకా దూరాన ఉన్నదేదీ స్పష్టంగా కనిపించేది కాదు. ఆ సంగతి తల్లిదండ్రులకు తెలియదు. విచిత్రమేమిటంటే, ఆ పిల్లవాడికీ తెలియదు.

ఉబ్బసంతో బాల్యం

థియోడర్ 1858 అక్టోబరు 27న న్యూయార్క్ నగరంలో కలిగిన కుటుంబంలో పుట్టాడు. నలుగురు పిల్లల్లో రెండోవాడు. పసితనం నుంచీ ఉబ్బసం. రాత్రివేళ ఊపిరి అందక అల్లాడుతుంటే తండ్రి భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరిగేవాడు. ఆరోగ్యం బాగుండక పిల్లవాడి చదువు చాలావరకు ఇంట్లోనే సాగింది.

పురుగులు, పిట్టలు, జంతువులంటే అతడికి ప్రాణం. ఏడెనిమిదేళ్ళ వయసులోనే ఒక సీల్ జంతువు పుర్రెను సంపాదించి, ఇంట్లోనే చిన్న ప్రదర్శనశాల పెట్టాడు. అయితే అతడు చూసి నేర్చుకున్నవన్నీ చేతికి అందినవి, కాలికి తగిలినవి మాత్రమే. చెట్టుకొమ్మ మీది పిట్ట అతడి కంటికి ఆనేది కాదు. ఆటల్లో తడబడేవాడు, దేనికో ఒకదానికి తగులుకునేవాడు. ఇంట్లోవాళ్ళు అది అతడి స్వభావమే అనుకున్నారు.

తుపాకీ బయటపెట్టిన లోపం

1872 వేసవిలో తండ్రి అతడికి తుపాకీ కొనిచ్చాడు. తోటి పిల్లలతో కలిసి వేటకు వెళితే, వాళ్ళు గురిపెట్టి కాల్చే పిట్టలు ఇతడికి అసలు కనిపించేవే కావు. అప్పటికీ తన కళ్ళను అనుమానించలేదు. ఒకనాడు మిత్రులు దూరాన ఉన్న ప్రకటన బోర్డు మీది పెద్ద పెద్ద అక్షరాలను పైకి చదివారు. ఇతడికి అక్షరాలు చదవడం మాట అటుంచి, అక్కడ అక్షరాలున్నట్టే తెలియలేదు. తనలో ఏదో లోపం ఉందని అప్పుడు గ్రహించి తండ్రికి చెప్పాడు. కొద్ది రోజుల్లోనే కళ్ళజోడు వచ్చింది.

కళ్ళజోడు పెట్టుకున్న నాడు తనకు కొత్త లోకం తెరుచుకున్నదని పెద్దయ్యాక ఆయన రాసుకున్నారు. ఆ చలికాలంలోనే కుటుంబం ఈజిప్టు యాత్రకు వెళ్ళింది. నైలు నది మీద పడవలో వెళుతూ పిల్లవాడు రకరకాల పక్షులను సేకరించాడు. అంతకుముందు ఏడాది అయితే అది సాధ్యమయ్యే పని కాదు.

ఈ లోపాన్ని హ్రస్వదృష్టి అంటారు. కంటిగుడ్డు ఉండవలసిన దానికంటే కాస్త పొడవుగా పెరిగితే, దూరపు వస్తువు బింబం కంటి వెనుక తెర మీద కాక దానికి ముందే పడుతుంది. అందుకే మసకగా కనిపిస్తుంది. మధ్యలో పలచగా ఉండే అద్దం ఆ బింబాన్ని సరిగ్గా తెర మీదికి చేరుస్తుంది. దగ్గరి పుస్తకం బాగానే కనిపిస్తుంది కనుక, ఇంట్లో చదువుకునే పిల్లవాడిని చూసి పెద్దలకు అనుమానం రాదు.

నాలుగు కళ్ళ ఎగతాళి

కళ్ళజోడుతోపాటు ఎగతాళీ వచ్చింది. 1880లో హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకున్న రూజ్‌వెల్ట్, 1884లో భార్యనూ తల్లినీ ఒకే రోజు పోగొట్టుకుని, ఆ దుఃఖంతో డకోటా ప్రాంతానికి వెళ్ళి పశువుల మందలు కాశారు. అక్కడి మొరటు మనుషులు ఆయనను నాలుగు కళ్ళవాడని పిలిచేవారు. ఒక రాత్రి సారాకొట్టులో రెండు పిస్తోళ్ళు పట్టుకున్న తాగుబోతు ఆ మాటే అని, అందరికీ నీ డబ్బుతో తాగించమని బెదిరించాడు. రూజ్‌వెల్ట్ లేచి గుద్దిన గుద్దుకు వాడు నేలకూలాడు.

1898లో క్యూబా యుద్ధానికి వెళ్ళినప్పుడు, ఒకటి పగిలితే మరొకటి ఉండాలని కళ్ళజోళ్ళు అనేకం వెంట తీసుకెళ్ళారు. 1901లో మెకిన్లీ హత్యకు గురికాగా, 42 ఏళ్ళకే అధ్యక్షులయ్యారు. రష్యా, జపాన్ దేశాల మధ్య సంధి కుదిర్చినందుకు 1906లో నోబెల్ శాంతి బహుమతి పొందారు. చిన్ననాడు పిట్టను చూడలేకపోయిన మనిషి, అధ్యక్షుడిగా 51 పక్షుల రక్షణ కేంద్రాలను ఏర్పాటు చేశారు.

1912 అక్టోబరు 14న మిల్వాకీ నగరంలో ఒకడు ఆయన ఛాతీకి గురిపెట్టి కాల్చాడు. జేబులో మడిచిపెట్టిన ప్రసంగం కాగితాలనూ, కళ్ళజోడు లోహపు పెట్టెనూ దాటేసరికి గుండు జోరు తగ్గింది. ప్రాణం దక్కింది. గుండు ఒంట్లో ఉండగానే ఆయన గంటకు పైగా ప్రసంగించారు. 1919 జనవరి 6న మరణించారు.

ఆయన చెప్పిన పాఠం

1913లో వెలువడిన ఆత్మకథలో ఆయన ఒక మాట స్పష్టంగా రాశారు. శరీరంలోని లోపం వల్ల వెనకబడిన పిల్లలను పెద్దలు మొండివాళ్ళని, మందబుద్ధులని అన్యాయంగా నిందిస్తున్నారని, తన అనుభవం వల్లనే అలాంటి పిల్లల మీద తనకు సానుభూతి కలిగిందని ఆ మాట సారాంశం.

మన ఊళ్ళకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. నల్లబల్ల మీది లెక్క కనిపించక తప్పు రాసిన పిల్లవాడికి దెబ్బలు పడతాయి. కనిపించడం లేదని వాడు చెప్పడు. లోకమంతా అందరికీ అలాగే కనిపిస్తుందని వాడి నమ్మకం. కాబట్టి పెద్దలే గమనించాలి. కళ్ళు చికిలించి చూడడం, టీవీకి మరీ దగ్గరగా జరగడం, పుస్తకాన్ని ముఖానికి ఆనించుకోవడం, పక్కవాడి పలక చూసి రాయడం, తరచు తలనొప్పి అనడం, ఇవన్నీ చూపు లోపానికి గుర్తులు కావచ్చు. ఒక్క కన్నే మందంగా ఉంటే ఈ గుర్తులూ కనిపించవు. ఒక కన్ను మూసి రెండో కంటితో చూడమంటే తెలుస్తుంది. అలాంటి కంటికి ఏడెనిమిదేళ్ళ లోపు చికిత్స మొదలుపెడితే మంచి ఫలితం ఉంటుంది. ఆలస్యమైతే ఆ చూపు తిరిగి రావడం కష్టం.

కళ్ళజోడు పెడితే చూపు ఇంకా మందగిస్తుందన్న మాట నిజం కాదు. సోడాబుడ్డి అని తోటివాళ్ళు వెక్కిరిస్తారనీ, ఆడపిల్లకు పెళ్ళి కుదరదనీ అద్దాలు దాచిపెట్టడం పిల్లలకు చేసే అన్యాయం. 2013లో దేశమంతటా మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పరీక్షించవలసిన లోపాల్లో చూపు లోపం కూడా ఉంది. బడికి వైద్య బృందం వచ్చిన రోజున పిల్లలను పొలం పనికి తీసుకుపోకుండా బడికి పంపితే చాలు.

రూజ్‌వెల్ట్ తండ్రికి డబ్బుంది, పిల్లల మీద ప్రేమ ఉంది. అయినా కొడుకు కళ్ళ సంగతి తెలియడానికి పదమూడేళ్ళు పట్టింది. మన పిల్లల విషయంలో అంత ఆలస్యం కానివ్వనక్కరలేదు.