రాబర్ట్ మారిసన్ దొరగారు: కాంటన్ రేవున విత్తిన సేవకుడు

ధ్యానభాగము: యోహాను 4:35-38



చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో నివసించు మనకు సముద్రము బహుదూరము. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ నది గండిపేట చెరువు చేరి, తుదకు కృష్ణలో కలియును. చైనా దేశపు దక్షిణ తీరమున గ్వాంగ్‌డాంగ్ అను రాష్ట్రము కలదు. అక్కడ పడమటి నది, ఉత్తర నది, తూర్పు నది యను మూడు నదులు కూడి, ముత్యాల నది యను పేర అనేక పాయలుగా చీలి సముద్రమున పడును. మన గోదావరి డెల్టావలె అదియు వరికిని చెరకునకును ప్రసిద్ధి. ఉత్తరమున కొండలు అడ్డముగా నుండుటచే ఆ ప్రజల చూపు తరతరములుగా సముద్రము వైపే యుండెను. 2020 జనాభా లెక్కలలో అచ్చట సుమారు 12 కోట్ల 60 లక్షల మంది యుండిరి. ఆ లెక్కలలో చైనా రాష్ట్రములన్నిటిలో అదియే మొదటిది.

దాని ముఖ్యపట్టణమైన గ్వాంగ్‌జౌను పూర్వము విదేశీయులు కాంటన్ అనిరి. 1757 మొదలు చక్రవర్తి ఆజ్ఞచే పాశ్చాత్యుల ఓడలు ఆ యొక్క రేవులోనే వర్తకము చేయవలసి వచ్చెను. వర్తకులు నదియొడ్డున ఇరుకైన కొఠీలలో ఉండిరి. భార్యలను తెచ్చుకొనరాదు. వర్తక కాలము ముగియగానే పోర్చుగీసువారి మకావునకు పోవలెను. చైనీయుడెవడైనను వారికి తన భాష నేర్పినచో మరణదండనకు పాత్రుడగును.

అట్టి చోటికి 1807 సెప్టెంబరులో ఇరువదియైదేండ్ల యువకుడొకడు వచ్చెను. ఆయనే రాబర్ట్ మారిసన్. ఆయన 1782లో ఇంగ్లాండు ఉత్తరభాగమున జన్మించెను. తండ్రి జోళ్లు కుట్టువారికి కావలసిన కొయ్య అచ్చులు చేయువాడు. కుమారుడును ఆ పనియే నేర్చెను. పగలు పని, రాత్రి చదువు. ఆయనను పంపినది లండను మిషనరీ సొసైటీ. ఆ సొసైటీయే 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అను ఇరువురు దొరలను విశాఖపట్టణమునకు పంపెను. వారు తెలుగు నేర్చి, సువార్తల అనువాదమునకు పూనుకొని, 1810 నాటికే ఇరువురును మరణించిరి. కనుక ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

ఈస్టిండియా కంపెనీవారు తమ ఓడలో మిషనరీకి చోటియ్యలేదు. ఆయన న్యూయార్కు మీదుగా అమెరికా ఓడలో చేరవలసివచ్చెను. రహస్యముగా భాష నేర్చెను. 1809లో, తన వివాహము జరిగిన దినముననే, ఆ కంపెనీ ఆయనకు దుబాసీ కొలువిచ్చెను. ఆ కొలువు వలననే ఆయన కాంటనులో నిలువగలిగెను.

ఇక్కడ ఒక సంగతి దాచరాదు. ఆ కంపెనీ మన దేశములో నల్లమందు పండించి కలకత్తాలో వేలము వేయుచుండెను. ఇతర వర్తకులు దానిని కొని దొంగతనముగా చైనాకు చేర్చుచుండిరి. దాని వలన అనేక కుటుంబములు నాశనమాయెను. దైవసేవకుడు తినిన జీతము ఆ కంపెనీదే. పరిశుద్ధమైన పనికి కూడ లోకపు సొమ్ము ఎట్లు అంటుకొనునో ఆలోచింపుడి. ఆ చిక్కు నేటి సంఘములకును లేకపోలేదు.

ఆయన క్రొత్త నిబంధనను 1813లో ముగించెను. మిల్న్ దొరగారి సహాయముతో చేసిన పూర్తి బైబిలు 1823లో వెలువడెను. గొప్ప చైనా నిఘంటువును కూడ రచించెను. అయితే ఆత్మల పంట యెంత? ఏడేండ్లు గడచిన పిమ్మట, 1814లో, మకావు సముద్రతీరమున త్సాయ్ గావో అను మొదటి విశ్వాసికి బాప్తిస్మమిచ్చెను. ఇరువదియేడేండ్ల సేవలో అట్టివారు సుమారు పదిమంది మాత్రమే.

ఇంటను దుఃఖము పడెను. 1821లో భార్య మేరీ కలరాతో మరణించెను. మకావులో ప్రొటెస్టెంటులకు శ్మశానమే లేదు. ఆమె మరణము వలననే అందుకు స్థలము కొనబడెను. 1834 ఆగస్టు 1న కాంటనులో మరణించిన మారిసన్ దొరగారిని కూడ అచ్చటనే పాతిపెట్టిరి.

కాని విత్తనము చావలేదు. గ్వాంగ్‌డాంగ్ వాడైన లియాంగ్ ఫా అచ్చుపలకలు చెక్కు కూలివాడు. బైబిలు పత్రములను చెక్కుచు చెక్కుచు విశ్వాసియై, 1816లో బాప్తిస్మము పొందెను. 1819లో సువార్త పత్రిక అచ్చువేసినందుకు అధికారులు అతని పట్టి కొట్టి, పలకలను తగులబెట్టిరి. అతడు వెనుదీయలేదు. మారిసన్ దొరగారు అతనిని బోధకునిగా ప్రతిష్ఠించిరి. దొరగారు పోయిన తరువాత ఇరువది యేండ్లు, 1855లో తాను మరణించువరకు, అతడు తన వారికి తన భాషలోనే వాక్యము ప్రకటించెను.

ప్రియులారా, విత్తువాడొకడు, కోయువాడు వేరొకడు అను సంగతి రైతులమైన మనకు కొత్త కాదు. తాత నాటిన చింతచెట్టు కాయలు మనుమడు తినును. నాలుగైదు కుటుంబములే గల చిన్న సంఘములో యేండ్ల తరబడి ఆదివారపు గంట కొట్టుచున్నవారు కృంగవద్దు. ఈ నెల కుటుంబ ప్రార్థనలో పై వాక్యభాగము చదువుకొని, మన గ్రామమునకు మొదట సువార్త తెచ్చినవారెవరో పెద్దలనడిగి తెలిసికొని, పిల్లలకు చెప్పుడి. వారి నిమిత్తము దేవుని స్తుతించుదము.